పొట్లాల కాగితం కాకముందు

నన్ను తూకానికి అమ్మారు. అట్టతో సహా కాటా మీద పెట్టి, పాత కాగితాల ధర కట్టి, గోనెసంచిలో వేశారు. అలా విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కు వచ్చాను. పసుపు కొమ్ములూ ఎండుమిర్చీ జీలకర్రా అమ్మే ఒక దుకాణంలో, కాటా పక్కన నా చోటు. బేరం తగిలినప్పుడల్లా నాలోంచి ఒక కాగితం చిరుగుతుంది, జీలకర్ర పొట్లం అవుతుంది. అక్షరక్రమంలో అచ్చయిన పుస్తకాన్ని కాబట్టి ముందు ‘ఎ’ పోయింది. ఆస్తమా, ఆస్పిరిన్, అనీమియా వన్‌టౌన్ ఇళ్ల వంటగదుల దాకా వెళ్లి చెత్తబుట్టల్లో పడ్డాయి. ఇప్పుడు ‘సి’ నడుస్తోంది.

నేను క్వార్టర్లీ క్యుములేటివ్ ఇండెక్స్ మెడికస్‌ని, 1954 నాటి సంపుటాన్ని. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అచ్చు వేయించింది. జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడు 1879లో మొదలుపెట్టిన సూచికల వంశం మాది. నేను వైద్యం చెప్పను. ఫలానా జబ్బు గురించి, ఫలానా మందు గురించి ఎవరు, ఏ పత్రికలో, ఏ పేజీలో రాశారో చెబుతాను. రచయితల పేర్లూ విషయాల పేర్లూ ఒకే వరసలో, కళ్లు చికిలించి చూడాల్సినంత సన్నటి అచ్చులో ఉంటాయి.

ఈ ఊళ్లోనే ఒక గ్రంథాలయంలో ఉండేది నా కాపురం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు మొదలైంది 1951లో. కొత్త మందు పేరు వినగానే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని ఆరాటపడే రోజులవి. సాయంత్రం వార్డు పని ముగించుకుని వచ్చిన డాక్టరు నన్ను బల్ల మీద పరిచి, వేలు వరస వెంట కిందికి జరుపుకుంటూ, చీటీ మీద నాలుగు సంఖ్యలు రాసుకునేవాడు. ఆ పత్రిక ఇక్కడ ఉంటే సరే, లేకపోతే వ్యాసం రాసినవారికే పోస్టుకార్డు. ‘మీ వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపండి’ అని. వారాలు గడిచాక విదేశీ స్టాంపుతో కవరు వచ్చేది. దాన్ని చదివి మర్నాడు రోగికి మోతాదు మార్చినవాళ్లున్నారు. ఆ రోగులెవరికీ నా పేరు తెలియదు. అయినా ఆ పనిలో నాకూ పాలుందని ఇవాళ్టికీ గర్వపడతాను.

నన్ను చూడ్డానికి ఒడుపు తెలియాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి రచనలను మనవాళ్లు ఇంటిపేరు కింద వెతికి, లేవనుకుని వెళ్లిపోయేవారు. విదేశీ పద్ధతిలో ఆయన ‘సుబ్బారో, వై.’ పిల్లల రక్తకాన్సరు మీద అమినోప్టెరిన్ పనిచేస్తుందని సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో ప్రకటించిన వ్యాసానికైతే ఆ పేరుతోనూ దారి దొరకదు. ఆ మందును తయారుచేసిన బృందాన్ని నడిపింది ఆయనే, కానీ రచయితల వరసలో ఆయన లేరు. ఆన్‌లైన్‌లో ఈ చిక్కు మరింత ముదిరింది. పొడి అక్షరాలతో ‘రావు’ అని కొడితే ఎంతమంది రావులు వస్తారో, అందులో మనకు కావలసినవారు ఎవరో తేల్చుకోవడం పెద్ద పని. పరిశోధకుడికొక సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ 2012లో వచ్చాక కొంత తెరిపి. తెలుగు పిల్లలు మొదటి వ్యాసం పంపే ముందే ఆ సంఖ్య తీసుకుంటే బాగుండును.

కంప్యూటరు కథ మీకు తెలిసిందే. 1964లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం మెడ్‌లార్స్ అనే కంప్యూటర్ సూచిక పెట్టింది. 1971లో అది మెడ్‌లైన్‌గా ఆన్‌లైన్‌కు ఎక్కింది. 1986లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఐసీఎంఆర్, ఎన్‌ఐసీ కలిసి ఢిల్లీలో ఇండియన్ మెడ్‌లార్స్ సెంటర్ తెరిచాయి. 1997 జూన్‌లో, మెడ్‌లైన్‌ను ఇంటర్నెట్‌లో వెతికే పబ్‌మెడ్ లోకానికంతటికీ ఉచితమైంది. 2004 చివరికి ఇండెక్స్ మెడికస్ అచ్చే ఆగిపోయింది.

అప్పటికే నన్ను చదువుల గదిలోంచి తీసి మెట్ల కింద పెట్టారు. సముద్రపు తేమకు నా అట్ట ఉబ్బింది. వానాకాలం గోడ చెమ్మ నా వెన్నుకు పాకింది. వెండిరంగు పురుగులు జిగురు తిన్నాయి. ఒక కుర్చీకి కాలు విరిగితే దాని కింద నన్ను దూర్చారు. ఒకనాడు ఎవరో వచ్చి, ‘ఇవన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా’ అని జాబితా రాసుకుపోయారు. నన్ను తెరవలేదు. నేను ఏ ఏడాదిదాన్నో చూడలేదు. ఆ ఏడాది నిజంగా కంప్యూటర్‌లో ఉందా అని అడగలేదు. గుమ్మం దాటించినందుకు కాదు నా బాధ, ఆ ఒక్క ప్రశ్న వేయనందుకు.

ఆ ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో 2001లో బాల్టిమోర్‌లో తేలింది. జాన్స్ హాప్కిన్స్‌లో ఆస్తమా పరిశోధన కోసం ఎలెన్ రోష్ అనే 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు హెక్సామెథోనియం పీల్చింది. ఒకప్పుడు రక్తపోటుకు వాడిన మందు అది. నెల తిరగకముందే ఊపిరితిత్తులు చెడి ఆ అమ్మాయి చనిపోయింది. పరిశోధకుడు ముందుగా వెతకకపోలేదు. పబ్‌మెడ్‌లో వెతికాడు. అప్పట్లో అది 1966 నుంచి మాత్రమే ఉండేది. ఆ మందు ఊపిరితిత్తులకు చేటు చేస్తుందన్న వ్యాసాలు 1950లలో వచ్చాయి. వాటిలో ఒకటి 1954లో, నా ఏట, బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చయింది. నా తరం సంపుటం ఒకటి తెరిచి ఉంటే ఆ అమ్మాయి బతికేదేమో. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నా కాగితాలు ఇంకాస్త పసుపెక్కుతాయి.

తరువాత పాత సూచికలను కూడా కంప్యూటర్‌కు ఎక్కించారు. ఇప్పుడు పబ్‌మెడ్‌లో 1940ల నాటి వ్యాసాలూ దొరుకుతాయి. అది నాకు సంతోషమే. నేను చేయలేని పనులు అది చేస్తుంది. ఒక వ్యాసం తప్పని తేలి వెనక్కి తీసుకున్నారనుకోండి, నా మీద పడిన అచ్చు అలాగే ఉండిపోతుంది. పబ్‌మెడ్ మాత్రం ఆ వ్యాసం నెత్తిన ‘ఉపసంహరించారు’ అని గుర్తు వేస్తుంది. మందుల పేర్ల సంగతీ అంతే. మనం పారాసిటమాల్ అంటే అమెరికావాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు. మన రిఫాంపిసిన్ వాళ్లకు రిఫాంపిన్, మన సాల్బుటమాల్ వాళ్లకు అల్బుటెరాల్. 1960 నుంచి నడుస్తున్న మెష్ పదాల పట్టిక వీటిని ఒకే గూటికి చేరుస్తుంది. అయితే నిన్న మొన్న చేరిన వ్యాసాలకు ఆ పదాలు ఇంకా తగిలించి ఉండకపోవచ్చు. అందుకని రెండు పేర్లూ మధ్యలో ‘ఆర్’ పెట్టి కొట్టాలి. అలా కొట్టేవాళ్లను చూస్తే నాకు ఆ సాయంత్రపు డాక్టరు వేలు గుర్తొస్తుంది.

ఈ దుకాణంలో నా చుట్టూ ఉన్న పసుపుకూ ఇలాంటి కథే ఉంది. పసుపు గాయాలను మాన్పుతుందన్న ఉపయోగానికి 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ 1996లో ఎదురు తిరిగింది. అమ్మమ్మలందరికీ తెలుసు అంటే చాలదు, అచ్చయిన రుజువు కావాలి. వెతికి వెతికి 32 రుజువులు పెట్టారు. సంస్కృత గ్రంథంతో పాటు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1953లో వచ్చిన వ్యాసం కూడా అందులో ఉంది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ 1953 సంచికను ఎక్కడో ఎవరో తూకానికి అమ్మకుండా దాచారు. ఎవరో తెలియదు గానీ వాళ్లకు దణ్ణం పెట్టాలి.

దుకాణదారు కూతురు ఎం.ఫార్మసీ చదువుతోంది. చదువయ్యాక పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం చూసుకోవాలని ఆశ. సాయంత్రం తండ్రికి టీ తెచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్ తీస్తుంది. పాపం, సగం వ్యాసాలకు సారాంశం దగ్గరే తలుపు మూసుకుంటుంది. 2025 జనవరి నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద సుమారు 13,000 పత్రికలు తెరిచింది గానీ, అది ప్రభుత్వ సంస్థలకు. ఈ పిల్లది ప్రైవేటు కాలేజీ. పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నవి ఏరుకుని చదువుకుంటుంది. ప్రభుత్వ కాలేజీ పిల్లలకు తెరిచిన తలుపు ఈమెకు ఎందుకు మూసి ఉండాలో నాకు అర్థం కాదు.

మొన్న క్లాసులో ఎలెన్ రోష్ సంగతి చెప్పారట. పబ్‌మెడ్‌లో మందు పేరు, ‘లంగ్’ అన్న మాట కొట్టి, సంవత్సరాన్ని 1960 దగ్గర ఆపింది.

“ఏటమ్మా, ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా?” అన్నాడు తండ్రి.

“చదువుకుంటున్నాను నాన్నా.”

బ్రిటిష్ హార్ట్ జర్నల్, 1954, 16వ సంపుటం, 101వ పేజీ. చదువుకుని తలెత్తేసరికి నా అట్ట మీది 1954 కంటపడింది. మెల్లగా దగ్గరికి లాక్కుంది. చిరిగిన అంచులు చూసి, మిగిలిన పేజీలు వరసగా తిప్పి, ‘హెచ్’ దగ్గర ఆగింది.

“నాన్నా, ఇది చింపకు.”

“మరి జీలకర్ర ఏటిలో కట్టమంటావు?”

“నిన్నటి పేపరుంది కదా.” స్టూలు దిగి బల్ల కింది నుంచి పేపర్ల కట్ట తీసి కాటా పక్కన పెట్టింది. “ఎ, బి పేజీలు ఎవరికిచ్చావో గుర్తుందా?”

“అవన్నీ ఎవరికి గుర్తుంటాయమ్మా! ఇదిగో, కొమ్ములు పావుకేజీ తూచి ఇయ్యి, ఆ అమ్మగారు నిలబడ్డారు.”