ఉచిత విహార వ్యయ మీమాంస

‘ఉచితం’ అన్న మాటకు సంస్కృతంలో తగినది, యుక్తమైనది అని అర్థం. పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు ‘ఔచిత్య విచార చర్చ’ రాసినప్పుడు కావ్యంలో ఏది తగును, ఏది తగదు అని విచారించాడే తప్ప ప్రవేశ రుసుము సంగతి ఆయన మనసులోకి రాలేదు. అదే మాట తెలుగులో కుదురుకునేసరికి డబ్బు ఇవ్వనక్కరలేనిది అన్న అర్థం తెచ్చుకుంది. తగిన ధర ఎంత అని అడిగితే ఏమీ ఇవ్వకపోవడమే తగిన ధర అని తెలుగువాడు తేల్చుకోవడం వల్ల ఈ మార్పు వచ్చిందని ఊహించవచ్చు గానీ, ఆ ఊహకు శాసనాధారం చూపడం కష్టం.

ఈ విచారణకు ప్రేరణ ఒక జాబితా. హైదరాబాదులో పైసా ఖర్చు లేకుండా ఆదివారం గడపదగిన పది చోట్లు అన్న శీర్షికతో అది కొన్ని వారాలుగా సెల్‌ఫోన్ నుంచి సెల్‌ఫోన్‌కు తిరుగుతూ, ఒకే గృహస్థుకు అత్తగారి నుంచి ఒకసారి, తోడల్లుడి నుంచి ఒకసారి, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు నుంచి రోజుకొకసారి అందుతూ, చివరకు “ఇంత దగ్గరుండి ఒక్కటైనా చూశామా?” అన్న వ్యాఖ్యతో వంటింట్లోంచి కూడా అందుతోంది. జాబితాలో ఒక్క అబద్ధం దొరికినా మొత్తాన్ని కొట్టిపారేసి ఆదివారం నిద్రపోవచ్చు. అందులో రాసినవన్నీ నిజాలే కావడం అసలు చికాకు. ఆ నిజాలు ప్రతి చోటా గేటు దాకా మాత్రమే చెల్లుతాయన్న సంగతి గేటు దగ్గరకు వెళ్లినవాడికే తెలుస్తుంది.

శాస్త్రీయంగా చూస్తే నగరంలోని ఉచిత దర్శనీయాలు నాలుగు తరగతులు. మొదటివి దూరోచితాలు, అనగా దూరం నుంచి మాత్రమే ఉచితమైనవి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన హుస్సేన్ సాగర్ మధ్య, 1992 డిసెంబరులో నిలిపిన బుద్ధ విగ్రహాన్ని ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఎంతసేపైనా చూడవచ్చు. అన్ని కోరికలకూ అతీతుడైన ఆ మహాత్ముడి పాదాల దాకా వెళ్లాలన్న కోరిక పుడితే మాత్రం పడవ టికెట్టు కొనాలి. 1591లో కట్టిన చార్మినార్ కూడా ఈ జాతిదే: కింది నుంచి పైకి చూడటం ఉచితం, పై నుంచి కిందికి చూడటానికి టికెట్టు. రెండవవి బహిరుచితాలు, అనగా బయట మాత్రమే ఉచితమైనవి. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానంలో నెమళ్లున్న వైపు నడిచేవారికి టికెట్టు ఉంటుంది. ప్రహరీ బయట నడిచేవారికి టికెట్టు ఉండదు, నెమళ్లకు బదులు జూబ్లీహిల్స్ ట్రాఫిక్ హారన్లు ఉంటాయి.

మూడవవి దర్శనోచితాలు, వీటిని చూడటం ఉచితం, చూసి ఊరుకోవడం అసాధ్యం. 2024లో భౌగోళిక గుర్తింపు, అనగా ఫలానా సరుకు ఫలానా చోటిదేనన్న అధికారిక ముద్ర, పొందిన లక్క గాజులు మెరుస్తుండగా లాడ్ బజారు ఈ చివర నుంచి ఆ చివరకు ఉత్త చేతులతో నడిచి వచ్చిన కుటుంబం ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. ఆడవాళ్ల గాజుల మోజును వెక్కిరించే భర్తలను ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య వదిలిపెడితే, రెండు గంటల తరువాత వాళ్లే సంచి కోసం వెతుక్కుంటూ కనిపిస్తారు. నాలుగవవి అనవకాశోచితాలు, వీటికి రుసుము ఉండదు, చోటు కూడా ఉండదు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై 2024లో 70 అడుగులకు పెరిగిన ఖైరతాబాదు గణపతి దర్శనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1891లో అసఫియా గ్రంథాలయంగా పుట్టి అఫ్జల్‌గంజ్‌లో ఈనాటికీ నడుస్తున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అంతగా పేరుకెక్కని ఉదాహరణ. ఫ్యానుకింద కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతీయువకులవి కాబట్టి, కాలక్షేపానికి వచ్చినవాడు సిగ్గుపడి వెనక్కు తిరుగుతాడు.

ఇక ఆ చోట్లకు చేరడం ఎట్లా అన్న ప్రశ్న. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ తరగతి బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం. కండక్టరు ఇచ్చే ‘జీరో టికెట్’, అనగా సున్నా రూపాయలు అచ్చయిన టికెట్టు, అందుకు రుజువు. దీని ప్రకారం భార్య, అత్తగారు, కూతురు ఖర్చు లేకుండా ట్యాంక్‌బండ్ చేరగా గృహస్థు ఒక్కడే టికెట్టు కొనవలసి ఉంటుంది. లెక్క ప్రకారం ఇది మహాలాభం. కానీ సున్నా టికెట్టు పట్టుకున్న ముగ్గురూ సీట్లలో కూర్చుని ఉండగా, బస్సులో ఆ కుటుంబం తరఫున డబ్బిచ్చిన ఏకైక వ్యక్తి కమ్మీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ప్రయాణించడం డబ్బుకు సంబంధించిన విషయం కాదు, ఆత్మగౌరవానికి సంబంధించినది. అందువల్ల కారు తీస్తారు. కారు తీసిన మరుక్షణం పార్కింగ్ సమస్య పుడుతుంది. దానితోపాటే ఈలధారి కూడా పుడతాడు.

ఈలధారి అనగా మెడలో విజిల్, చేతిలో రసీదు పుస్తకం కలిగి, బండి నిలిపినందుకు ఇరవై రూపాయలు వసూలు చేసే వ్యక్తి. బండి ఆపేటప్పుడు ఇతడు కనుచూపు మేరలో ఉండడు. తాళం వేసి, చుట్టూ చూసి, “ఇక్కడ ఫ్రీయే” అని ఇంటివాళ్లకు ప్రకటించేటప్పుడు కూడా ఉండడు. తిరిగి వచ్చి ఇంజను స్టార్ట్ చేయగానే, చెవి పక్కనే ఈల వినిపిస్తుంది. ఇతడు ఎక్కడి నుంచి వస్తాడన్నది భారతీయ దర్శనాలు మాత్రమే తేల్చగలిగిన ప్రశ్న. కార్యం దాని కారణంలో ముందే దాగి ఉంటుందని, నువ్వులలో నూనె వలె అని, సాంఖ్యులు చెబుతారు. దీనికి సత్కార్యవాదమని పేరు. కార్యం అంతకుముందు లేనేలేదని, కొత్తగా పుడుతుందని నైయాయికులు వాదిస్తారు, అది అసత్కార్యవాదం. ఖాళీ జాగాలో ఈలధారి అదృశ్యంగా ఉండనే ఉన్నాడా, లేక కారు తాళం తిప్పడం వల్ల అప్పటికప్పుడు ఉత్పన్నమయ్యాడా అన్న విషయంలో ఉభయ పక్షాలకూ సమానమైన బలం ఉన్నట్టు ఆదివారపు అనుభవం చెబుతోంది.

ఇరవై రూపాయలకు బదులుగా ఇతడు చేసే సేవ ఒకటుంది. కారు వెనక్కు వస్తుండగా వెనక నిలబడి “ఆనే దో, ఆనే దో, ఆనే దో... బస్!” అని, బస్ అన్న మాటతోపాటు డిక్కీ మీద అరచేత్తో ఒకటి చరుస్తాడు. వెనక కెమెరా, దానికి తోడు కీచుమనే హెచ్చరిక ఉన్న కొత్త కార్ల విషయంలో ఈ సేవ అనవసరమని కొందరి వాదన. అయితే కెమెరా ఏనాడూ ఎదురుగా వచ్చే ఆటోను చెయ్యి అడ్డం పెట్టి ఆపలేదు. ఈలధారి ఆపుతాడు, ఆటోవాడు ఆగుతాడు. ఈ నగరంలో ఆటోను ఆపగల మరొక శక్తి ఇంకా కనుగొనవలసే ఉంది.

రసీదు విషయం వేరుగా పరిశీలించదగినది. దాని మీద అచ్చయిన చోటు పేరుకూ బండి నిలిపిన చోటుకూ సంబంధం ఉండదు. అచ్చులో పది ఉన్నచోట బాల్‌పెన్నుతో ఇరవై దిద్ది ఉంటుంది. కాంట్రాక్టరు సంతకం ఉండవలసిన చోట టీ మరక ఉంటుంది. చిల్లర లేదని తప్పించుకునే దారి కూడా ఇప్పుడు మూసుకుపోయింది. క్యూఆర్ కోడ్, అనగా ఫోన్‌తో స్కాన్ చేస్తే డబ్బు చేరవలసిన ఖాతా తెలిపే గళ్ల చతురస్రం, అతడి మెడలోనే వేలాడుతుంటుంది, స్కాన్ చేస్తే ఏదో చికెన్ సెంటరు పేరు ప్రత్యక్షమవుతుంది. ఏ అధికారంతో వసూలు చేస్తున్నావని అడగడం చట్టప్రకారం సబబే గానీ, “ఇంత పెద్ద కారుల వచ్చి ఇరవై రూపాయలకు కిరికిరి ఏంది అన్నా?” అని అతడు నలుగురూ వినేటట్టు అడిగే ఎదురు ప్రశ్నకు రాజ్యాంగంలో సమాధానం లేదు.

ఈ ప్రకరణం ఇక్కడ ముగియవలసింది. కానీ ఈలధారికి భయపడి మాల్‌లో బండి పెట్టేవారి గతి చెప్పకపోతే శాస్త్రం అసంపూర్ణమవుతుంది. మే నెలలో చల్లటి గాలి కోసం మాల్‌లో తిరగడం కూడా జాబితాలో ఉచిత వినోదమే. 2018లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. అరగంట దాటి గంటలోపైతే ఏదైనా కొన్న బిల్లు చూపాలి. గంట దాటితే ఆ బిల్లు పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువదై ఉండాలి. ఇంత స్పష్టమైన ఉత్తర్వును అర్థం చేసుకున్న గృహస్థు, నలభై రూపాయలో యాభై రూపాయలో ఉండే రుసుమును ఎగ్గొట్టడానికి మూడు జతల మేజోళ్లు, ఒక నీళ్ల సీసా, అత్తగారికి కుల్ఫీ కొని, బిల్లు మడతపెట్టి జేబులో పెట్టుకుని, గేటు దగ్గర దాన్ని విజయపత్రంలా చూపిస్తాడు. పార్కింగ్ ఉచితమైంది.

నవ్వు పక్కన పెడితే, ఇందులో నిజమైన ఫిర్యాదు ఒకటుంది. ఏమీ కొనకుండా, ఎవరూ “ఏం కావాలి?” అని అడగకుండా కూర్చోగల చోటు నగరంలో నానాటికీ తగ్గిపోతోంది. ఖాళీ జాగాకు మొదట కంచె వస్తుంది. కంచెకు గేటు, గేటుకు టికెట్టు కిటికీ, కిటికీ పక్కన కెమెరాకు వేరుగా రుసుమన్న బోర్డు వరుసగా వస్తాయి. ఫుట్‌పాత్ అనగా నడిచేవారి కోసం వేసిన దారి అని నిఘంటువు చెబుతుంది. దాని మీద మోటారు సైకిళ్లు నిలిపి ఉంటాయి కాబట్టి నడిచేవారు మోటారు సైకిళ్ల కోసం వేసిన దారిలో నడుస్తారు. ఉచితమైన తోటలో మరుగుదొడ్డికి డబ్బులు, ఆ మరుగుదొడ్డికి తాళం, ఆ తాళం చెవి ఉన్నవాడు భోజనానికి వెళ్లి ఉండటం ఒకదాని వెంట ఒకటిగా జరుగుతాయి. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి, దారంతా నడిచేవారికి వదిలిన ఏర్పాటుకు జనం అట్లా విరగబడటానికి కారణం అక్కడ పెట్టిన వేడుకలు మాత్రమే కాదు. రోడ్డు మధ్యన, ఎవరి హారనూ వినకుండా, చేతులు వెనక్కు కట్టుకుని నడవడమే చాలామందికి వేడుక.

ఆ గట్టు మీద కొంతసేపు నిలబడితే ఈ వ్యాసపు లెక్కలు కొంత తడబడతాయి. 1986లో అక్కడ తెలుగు మహనీయుల విగ్రహాలు నిలిపిన తరువాతి రోజుల్లో, గుమాస్తా ఉద్యోగాలు చేసే తండ్రులు సైకిలు ముందు ఒక పిల్లను, వెనక ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని వచ్చేవారు. ప్రతి విగ్రహం దగ్గరా ఆగి పేరు చదివించేవారు, తెలిసిన కథ చెప్పేవారు, తెలియని చోట రెండడుగులు వేగంగా వేసేవారు. చివర పిల్లలకు చెరొక ఐస్‌ఫ్రూట్ కొనిచ్చి, నీకొద్దా నాన్నా అని అడిగితే పళ్లు జివ్వుమంటాయని చెప్పేవారు. ఆ ఇళ్లల్లో ‘ఉచితం’ అన్న మాట ఒక్కసారీ వినిపించలేదు. దానిని ‘షికారు’ అనేవారు. ఆ పిల్లలు ఇవాళ యాభైకి చేరువై, కార్లు కొని, పార్కింగ్ వెతుకుతూ అదే గట్టు చుట్టూ మూడుసార్లు తిరుగుతున్నారు. తండ్రుల పళ్లకు ఏ జబ్బూ లేదని వాళ్లకు తెలిసేసరికి, ఆ సంగతి ఒప్పించి ఐస్‌ఫ్రూట్ చేతికిచ్చేందుకు చాలా ఇళ్లల్లో తండ్రులు లేరు.

క్షేమేంద్రుడి అర్థమే సరైనదని ఈ మీమాంస తేలుస్తోంది. పిల్లలకు తగినది ఏదో చూసి ఇచ్చి, దాని ఖరీదు తనలోనే దాచుకున్న ఆ షికారు ఒక్కటే రెండు అర్థాలలోనూ ఉచితం. తక్కినవాటికి ఖర్చు ఏదో ఒక వైపు నుంచి వస్తుంది. కాబట్టి ఆదివారం ట్యాంక్‌బండ్‌కు బయలుదేరే పాఠకులు వీలైతే బస్సులో, ఒంటికాలి మీదనైనా సరే, వెళ్లడం మంచిది. కారే తప్పనిసరి అయితే ఇరవై రూపాయలు విడిగా పెట్టుకోవాలి, ఈల వినపడగానే మాట్లాడకుండా ఇచ్చేయాలి.