విదేశీ బిళ్ళకు టీకా తాత్పర్యములు

మూలము: ఎడమకు తిరిగిన రాణి తల. ఓ మూల అంకె. ఊరు లేదు, పేరు లేదు.

ప్రతిపదార్థము: తల = దేశము; అంకె = వెల. తాత్పర్యము: ఇది బ్రిటన్ తపాలా బిళ్ళ. తూకం లెక్కన అమ్మే విదేశీ స్టాంపుల సంచిని బల్ల మీద కుమ్మరించుకున్న సంగ్రాహకుడికి తరచు మొట్టమొదట దొరికే మూలం ఇదే.

శంక: పేరు చెప్పుకోని దేశం కూడా ఉంటుందా? సమాధానము: 1840 మే నెలలో పెన్నీ బ్లాక్ వెలువడేనాటికి దేశమంతటా చెల్లే అతికింపు బిళ్ళ లోకంలో మరొకటి లేదు. ఊళ్ళో ఒక్కటే బడ్డీకొట్టు ఉన్నప్పుడు దానికి బోర్డు దేనికి? తర్వాత వచ్చిన దేశాలన్నీ రోమన్ లిపిలో పేరు వేసుకోవాలని ప్రపంచ తపాలా సంఘం నియమం పెట్టినా, ఆద్యుడన్న మర్యాదతో బ్రిటన్‌ను విడిచిపెట్టింది. రాజో రాణో తల ఒకటి ఉంటే ఈనాటికీ చాలు.

ఇంతటితో 'పేరు లేనిదెల్లా బ్రిటన్' అని లక్షణం చెప్పుకున్న నవీనుడికి అతివ్యాప్తి దోషం తప్పదు. 1843లో బ్రెజిల్ వేసిన తొలి బిళ్ళల మీదా పేరు లేదు. తల కూడా లేదు. పెద్ద అంకె, చుట్టూ అల్లిక, అంతే. దూరం నుంచి చూస్తే గుడ్లురిమినట్టుండే ఆ బిళ్ళలకు సంగ్రాహకులు ఎద్దుకన్నులని పేరు పెట్టుకున్నారు.

మూలము: రెండు తలల పక్షి. ఓ అంకె. తక్కినది మౌనము.

ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు కూర్చోవాలి. గండభేరుండాన్ని చూడగానే తెలుగువాడికి మైసూరు తోచడం సహజమే కాని, ఇది హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల గద్ద. సరే, అయితే ఆస్ట్రియా అనేయవచ్చా? తొందర కూడదు. 1850లో ఆస్ట్రియా వేసిన తొలి బిళ్ళ మీదా, అదే ఏడు తన ఏలుబడిలోని లొంబార్డీ-వెనీషియా కోసం వేసిన బిళ్ళ మీదా పక్షి ఒకటే, డాలు ఒకటే. తేడా అంతా అడుగున ఉన్న నాణెం పేరులో ఉంది. వియన్నావాడు క్రాయిట్సర్లలో చెల్లించాడు. మిలాన్, వెనిస్ వాళ్ళు చెంటెసిమిలలో చెల్లించారు. మీమాంసకుల భాషలో చెప్పాలంటే బొమ్మ అర్థవాదం, వెల విధి. పొగడ్త ఎవరిదైనా కావచ్చు, డబ్బు మాత్రం ఎవరి జేబులోంచి వచ్చిందో చెప్పేస్తుంది.

1867లో పక్షి స్థానంలోకి గడ్డం మీసాల చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వచ్చాడు. క్రాయిట్సర్ అని ఉంటే సామ్రాజ్యం లోపల వాడినది. సోల్ది అని ఉంటే తుర్కుల సుల్తాను ఏలుబడిలోని పట్టణాల్లో ఆస్ట్రియా నడిపిన తపాలా కచేరీలది. ఇక్కడితో చిక్కు విడిపోయిందనుకుంటే, ఆ క్రాయిట్సర్ బిళ్ళనే 1871 దాకా హంగేరీలోనూ వాడారు! అప్పుడు విధి కూడా చేతులెత్తేస్తుంది. మిగిలేది నల్లసిరా ముద్ర. ముద్రలో ఊరి పేరు పెస్ట్ అని కనబడితే అది హంగేరీ ఆల్బములోకి పోతుంది. అందుకే శుభ్రమైన బిళ్ళ కోసం ముద్ర ఉన్నదాన్ని పారేసేవాడిని చూస్తే పాతకాపులకు ఒళ్ళు మండుతుంది.

ఇక పైన మూలంగా పెట్టుకున్న బిళ్ళ, పక్షి తప్ప అక్షరమన్నది లేనిది, 1879 నాటి బోస్నియాది. అంకె పక్కన నాణెం పేరు కూడా వేయలేదు.

లిపి వల్ల కలిగే భ్రాంతి వేరే జాతిది. రష్యన్ బిళ్ళ మీది మాటను రోమన్ అలవాటున 'నోయ్టా' అని చదివి అట్లాసంతా గాలించినవారు ప్రతి తరంలోనూ ఉన్నారు. అది 'పోచ్తా', అంటే తపాలా. పక్కనున్న 'సిసిసిపి'ని ఎస్ఎస్ఎస్ఆర్ అని చదువుకోవాలి. అది సోవియట్ యూనియన్. లిపి తెలిసినదైనా పేరు తెలియకపోవచ్చు: హంగేరీ తనను మాగ్యార్ అనీ, ఫిన్లాండ్ సువోమి అనీ చెప్పుకుంటాయి. స్విట్జర్లాండ్‌కు నాలుగు భాషలు; ఏ ఒక్కదాన్ని ఎంచినా తక్కిన మూడూ అలుగుతాయి గనుక లాటిన్‌లో హెల్వెటియా అని వేసుకుంది. ఇటలీ బిళ్ళ మీద 'సెన్యాతాస్సే' అన్నది దేశమూ కాదు, ద్వీపమూ కాదు. చాలని తపాలా రుసుమును అవతలివాడి దగ్గర వసూలు చేసే బిళ్ళ అది.

పేరు స్పష్టంగా ఉన్నంత మాత్రాన మూలం ప్రామాణికమనీ కాదు. సైబీరియా దక్షిణపు అంచున 1944 దాకా తువా అనే చిన్న గణతంత్రం ఉండేది. త్రికోణాలు, వజ్రాకారాలు, దట్టమైన రంగులు: ఆల్బములో ఏ పుట తెరిచినా ముందు తువాయే పలకరిస్తుంది. 1936 నాటి ఒక బిళ్ళ మీద ఒంటె, రైలింజను పక్కపక్కనే పరుగెడతాయి. ఆనాటి తువాలో రైలు లేదు. బిళ్ళల్లో ఎక్కువ భాగం మాస్కో నుంచి నేరుగా సంగ్రాహకులకే అమ్ముడుపోయాయి. అయినా తువా నిజమైన దేశం. 1950లలో పిల్లల ఆల్బములను ముంచెత్తిన పక్షులూ సీతాకోకచిలుకల 'మలుకు సెలాటాన్' (దక్షిణ మొలుక్కా దీవులు) బిళ్ళలకు అంతపాటి గౌరవం కూడా లేదు. ఏ ఉత్తరాన్నీ అవి మోయలేదు. వాటిని ప్రక్షిప్తాలుగా పక్కన పెట్టాలి. కొందరు ఆ ప్రక్షిప్తాలనే ప్రేమగా పోగుచేస్తారన్నది వేరే సంగతి.

పాఠాంతరములు: బొమ్మ, వెల, రంగు అన్నీ ఒకటే అయినా రెండు బిళ్ళలు వేరు కావచ్చు. కొలపట్టీ మీద పెట్టి రెండు సెంటీమీటర్ల నిడివిలో అంచు చిల్లులు ఎన్నో లెక్కించాలి. నల్లటి పళ్ళెంలో బోర్లా వేసి బెంజిన్ చుక్క వదిలితే కాగితంలోని నీటిగుర్తు తేలుతుంది. విక్టోరియా రాణి నాటి భారతీయ బిళ్ళలో ఏనుగు తలో నక్షత్రమో కనబడుతుంది. ఇంత శ్రమపడి కేటలాగు తెరిస్తే లండన్ గిబ్బన్స్, అమెరికా స్కాట్, జర్మనీ మిషెల్ మూడు మతాలవాళ్ళు. ఒకే బిళ్ళకు తలా ఒక సంఖ్య ఇస్తారు.

మూలము: చిరిగిన గుండ్రటి కాగితం, నడుమ పులి మొహం.

చిరుగు చూసి దీన్ని చెత్తబుట్టలో వేయబోయేవాడి చేయి పట్టుకోవాలి. ఇది 1871లో మొదలైన అఫ్గానిస్తాన్ బిళ్ళ. అక్కడి తపాలావాళ్ళు సిరా ముద్ర కొట్టడానికి బదులు బిళ్ళలోంచి చిన్న ముక్క చించేసేవారు. కాబట్టి చిరుగు దోషం కాదు, రద్దు చేసినట్టు గుర్తు. బిళ్ళ మీది 1288 హిజ్రీ సంవత్సరం. దాన్ని క్రీస్తుశకంగా చదివి ప్రపంచంలోకెల్లా పాత స్టాంపు దొరికిందని సంబరపడకూడదు.

ఇట్లాంటి చిక్కే అటువైపువాళ్ళకు మన బిళ్ళతోనూ వస్తుంది. నిజాం రాజ్యం 1871 నుంచి వేసిన అర్ధణా, అణా బిళ్ళల మీద నడుమ ఫారసీ రాత, చుట్టూ ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు అక్షరాలు కిక్కిరిసి ఉంటాయి. గిబ్బన్స్ కేటలాగులో వీటిని భారత సంస్థానాల విభాగంలో వెతకాలి. తెలుగు అక్షరాల ఆ గుండ్రటి మెలికలు ఏ దేశపు లిపో తేల్చుకోవడానికి లండన్ వ్యాఖ్యాతకు కేటలాగూ, భూతద్దమూ, లిపుల పట్టికా కావాలి. వరంగల్ కుర్రవాడికి భూతద్దం ఒక్కటి చాలు. అది మాత్రం కావాలి, అక్షరాలు మరీ చిన్నవి.