పాత పెట్టె, కొత్త తీగె: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

పెట్టె పాతదైనను గొను, బిరుసు తీగె
క్రొత్తదై యుండవలయును, కోను కదలు
తీరు చేతితో నరయుము; తెలిసికొనక
వాట్ల నమ్మకు, ఫ్యూజులో వాస్తవమ్ము.

అవతారిక. మూలాన్నీ వ్యాఖ్యనూ ఒకరే రాసుకుంటే దాన్ని స్వోపజ్ఞం అంటారు. కవి హృదయం ఏమిటా అని తల పట్టుకునే పని ఉండదు గనుక వ్యాఖ్యాతకు ఇది హాయి. కవి పొరబడ్డ చోట వెనకేసుకు రావలసిన బాధ్యత మాత్రం రెట్టింపు. ఇక శాస్త్ర మర్యాద ప్రకారం అనుబంధ చతుష్టయం చెప్పుకోవాలి. విషయం: సెకండ్‌హ్యాండ్ సామాన్లు ఏరుకొచ్చి కారులో పాటల సెట్టు కూర్చుకోవడం. అధికారి: పాత ఆల్టోకో శాంత్రోకో యజమాని అయి, బండి విలువలో సగం పెట్టి సౌండ్ సిస్టమ్ బిగించే స్తోమతు గానీ తెగువ గానీ లేనివాడు. ప్రయోజనం: పాట పాటలా వినపడటం, బండి తగలబడకపోవడం. సంబంధం: పై పద్యానికీ జేబుకూ ఉన్నది.

ప్రతిపదార్థం. పెట్టె = డాష్‌బోర్డులో కూర్చునే సెట్టు; పాతదైనను = ఒకరు వాడి వదిలేసినదే అయినా; కొను = కొనుక్కో (బేరమాడి అని అధ్యాహారం); బిరుసు తీగె = బ్యాటరీ నుంచి వచ్చే మందపాటి రాగి వైరు; క్రొత్తదై యుండవలయును = దుకాణంలో చుట్ట విప్పి కోయించుకున్నదే అయి ఉండాలి; కోను కదలు తీరు = స్పీకరు కాగితపు గిన్నె ముందుకూ వెనక్కూ ఆడే విధం; చేతితో నరయుము = వేళ్లతో నొక్కి చూడు; తెలిసికొనక = లెక్క వేసుకోకుండా; వాట్ల నమ్మకు = అట్ట మీద అచ్చేసిన అంకెలకు పడిపోకు; ఫ్యూజులో = సెట్టు వెనక గుచ్చి ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లలో; వాస్తవమ్ము = నిజం ఉన్నది.

తాత్పర్యం. వస్తువు ముసలితనాన్ని అది తయారైన ఏడాదితో కొలవకూడదు, అందులో ఏది ఎంత కదిలిందో దానితో కొలవాలి. కదలనిది పాతదైనా దిగుల్లేదు. కదిలేది పరీక్షకు నిలవాలి. కరెంటు మోసేది మాత్రం కొత్తదే కావాలి.

వ్యాఖ్య. మొదటి పాదం పెట్టెతో ఎత్తుకోవడానికి కారణముంది. కొత్త కారు కొన్నవాళ్లలో చాలామంది కంపెనీ బిగించి ఇచ్చిన సెట్టును పీకించి పెద్ద తెర ఉన్నది పెట్టించుకుంటారు. పీకిన సెట్టు యాక్సెసరీస్ షాపు అటక మీదికి, అక్కణ్ణుంచి విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికో కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోటికో చేరుతుంది. అది పాతది అనిపించుకుంటుంది గానీ అరగడం ఎరగదు. అంతకంటే గట్టి సాక్ష్యం సీడీ పాడైన సెట్టు. బేరంలో అన్నిటికంటే చవకగా దొరికేది అదే. చచ్చిపోయిందేది? డిస్కు తిప్పే మోటారు, గతుకుల్లో ఊగి ఊగి దారి తప్పిన లేజరు కన్ను. అంటే కదిలే భాగాలు. అదే పెట్టెలో అల్యూమినియం రెక్కకు అతుక్కొని ఉన్న యాంప్లిఫయర్ చిప్పు, ఎఫ్ఎం ట్యూనరు మెదలకుండా కూర్చున్నాయి, ఇంకా కూర్చుంటాయి. ముందు వైపు ఆక్స్ రంధ్రం ఒక్కటి ఉంటే ఫోను తగిలించి పాడించుకోవచ్చు. సీడీ ఇప్పుడు ఎవరిక్కావాలి? క్యాసెట్ డెక్కులదీ ఇదే కథ. బెల్టు జిగురై కరిగిపోతుంది, లోపలి రేడియో ఖంగున మోగుతుంది. పైగా ఈ పెట్టెల ముఖం కొలత జర్మనీ వాళ్ల డిన్ ప్రమాణంగా మొదలై తర్వాత ఐఎస్‌ఓ 7736గా అంతర్జాతీయమయింది: 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. ఎత్తు రెట్టిస్తే డబుల్ డిన్. ఒక తరం కారులోంచి తీసిన సెట్టు ఇంకో తరం కారు గూట్లో దూరడం ఈ కొలత పుణ్యమే. డాష్‌బోర్డు వంపులో కలిపి పోతపోసిన కంపెనీ సెట్లకు ఈ మాట వర్తించదు, వాటి జోలికి పోకూడదు. కరెంటు తీయగానే కోడ్ అడిగే సెట్లు కూడా ఉన్నాయి. కోడ్ చెప్పలేని అమ్మకందారు దగ్గర అలాంటిది కొనడమంటే డబ్బిచ్చి ఇటుక తెచ్చుకోవడం.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. కదలనిది ముదరదన్నావు, కెపాసిటర్ల మాటేమిటి? ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు అంగుళం కూడా కదలదు, అయినా లోపలి ద్రవం ఎండి చస్తుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడుతుంది. రెంటచింతల ఎండలో అద్దాలు ఎత్తి నిలిపిన కారు డాష్‌బోర్డు మీద ఎన్ని వేసవులు గడిపిందో ఆ పెట్టె! అభ్యంతరం న్యాయమైనదే, దీన్ని దబాయించి పంపేయలేం. సూత్రం ఉత్సర్గం, కెపాసిటరు దానికి అపవాదం. అపవాదాన్ని గుర్తుపట్టే లక్షణాలు ఉన్నాయి గనుక ఉత్సర్గానికి హాని లేదు. ముదిరిన కెపాసిటరు దాక్కోలేదు. ఆన్ చేయగానే స్పీకరులో ధబ్బున కొడుతుంది, పాట లేనప్పుడు బుయ్యిమంటుంది, శబ్దం పెంచితే ముఖం మీది లైట్లు తాళం వేసినట్టు మినుకుమంటాయి. అందుకే దుకాణం బల్ల మీద బ్యాటరీకి కలిపి కనీసం పావుగంట పెద్ద శబ్దంతో మోగించి చూడనివ్వని చోట కొనకూడదు. ఆ పావుగంట నిలిచినది చాలాకాలం నిలుస్తుంది, లోపం ఉంటే వేడెక్కేసరికి బయటపడుతుంది.

ఇంకొక పూర్వపక్షం చట్టానిది: సెకండ్‌హ్యాండ్ అంటే దొంగసొత్తు కాదా? అన్నీ కావు గానీ కొన్ని కావచ్చు. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి కూడా పుచ్చుకుంటే, పూర్వం ఐపీసీ 411 సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను. వైర్లు కప్లరు దగ్గర ఊడదీయకుండా జానెడు దూరంలో పుటుక్కున తెగి వేలాడుతున్నాయంటే, ఆ సెట్టును తీసినవాడు తీరిగ్గా తీయలేదని అర్థం. అనుకోవడానికి తగిన కారణం అంటే ఇదే. బిల్లు ఇచ్చేవాడి దగ్గరే కొనాలి, కప్లరుతో సహా ఉన్నదే కొనాలి. మొదటిది చట్టానికి. రెండోది బిగించేటప్పుడు ఆటో ఎలక్ట్రీషియన్ కారు వైర్లను కోయకుండా ఉండటానికీ పనికొస్తుంది.

రెండో పాదానికి వస్తే, వైరు కొత్తదే కావాలన్న నియమం మొదటి పాదానికి విరుద్ధమని తోచవచ్చు. వైరు కూడా కదలదు కదా! అయితే పెట్టె చెడితే పాట ఆగుతుంది, వైరు చెడితే బండి అంటుకుంటుంది. పాత వైరు తొడుగు ఇంజన్ వేడికి పెళుసెక్కి, రేకు అంచున ఒరుసుకున్న చోట రాగి బయటపడి ఉంటుంది. అది పైకి కనపడదు, చేతికి తెలియదు, పావుగంట పరీక్షకు దొరకదు. పరీక్షకు లొంగని లోపం ఉన్నచోట పాతదానికి చోటివ్వకూడదు. సెట్టు ఒక్కదానికైతే కారులో ఉన్న వైరింగ్ చాలు. డిక్కీలో వేరే యాంప్ పెట్టేవాడికే ఈ పాదం. అక్కడ బేరం పనికిరాదని లెక్కే చెబుతుంది. చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి వైరు మీటరుకు సుమారు 0.017 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. బ్యాటరీ నుంచి డిక్కీదాకా 5 మీటర్లు లాగి అందులో 15 ఆంపియర్లు పంపితే దారిలోనే దాదాపు 1.3 వోల్టులు పోతాయి. ఉన్నవే పద్నాలుగు చిల్లర. శక్తి వోల్టేజీ వర్గంతో మారుతుంది గనుక యాంప్ బలంలో ఆరో వంతు తగ్గిపోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం అర వోల్టు. కానీ బజారులో రాగి రంగు వేసుకున్న అల్యూమినియం వైరు కూడా అదే మందంతో, అంతకంటే నిగనిగలాడుతూ దొరుకుతుంది. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు. బ్లేడుతో ఒక పోగు గీరి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. ఈ గీరడానికి ఒప్పుకోని దుకాణాన్ని వదిలి ఇంకొకటి వెతుక్కోవచ్చు, కోఠీలో దుకాణాలకు కరువా?

మూడో పాదం మధ్యస్థుల గురించి. పాత స్పీకరు పూర్తిగా పనికిరాదనీ అనలేం, పూర్తిగా పనికొస్తుందనీ అనలేం. బతుకంతా కదలడమే దాని వృత్తి. కాబట్టి కవి దాన్ని నిషేధించకుండా చేతికి అప్పగించాడు. పరీక్ష ఇలా: కోను మధ్యలో కాకుండా రెండు పక్కలా రెండు బొటనవేళ్లు ఆనించి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. మెత్తగా దిగి మెత్తగా తేలితే మంచిది. లోపల ఇసుక నలిగినట్టు గరగరలాడిందా, కాయిలు వంకరై మ్యాగ్నెట్‌కు రాసుకుంటోందన్నమాట, అక్కడే బల్ల మీద పెట్టేసి రావాలి. కోను చుట్టూ ఉన్న అంచు రబ్బరుదైతే ధైర్యం. నురుగుదైతే వేలితో తాకి చూడాలి, గాలిలోని తేమకు ఆ నురుగు పొడిపొడిగా రాలిపోతుంది. మీటరు పెడితే 4 ఓమ్‌ల స్పీకరు మూడు, మూడున్నర దాకా చూపిస్తుంది; నాలుగు చూపలేదని అమ్మేవాడితో తగువు పెట్టుకోకూడదు, నాలుగనేది పాట నడిచేటప్పటి లెక్క. ఒకటిన్నర వోల్టు గడియారం సెల్లు క్షణంపాటు తగిలిస్తే ప్లస్సు గుర్తు దగ్గర ప్లస్సు ఉన్నప్పుడు కోను బయటికి రావాలి. రెండు తలుపుల స్పీకర్లలో ఒకదానికి ఈ దిశ తిరగబడితే లోగొంతు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి.

ఇక్కడ ఆధునికుడి ఆక్షేపణ: ఇంత తంటా ఎందుకు, డాష్‌బోర్డు మీద చిన్న బ్లూటూత్ స్పీకరు పెడితే పోలేదా? మాటలకు పోతుంది, మృదంగానికి పోదు; అంత చిన్న కోను తోసే గాలి చాలదు. పెద్ద కోనుకైతే గోడ కావాలి. కోను ముందుకు తోసిన గాలీ వెనక లాగిన గాలీ కలిసిపోతే రెండూ రద్దవుతాయి. 100 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్ల పైచిలుకు గనుక అవి సులువుగా చుట్టు తిరిగి కలుసుకుంటాయి. ఆ కలయికను ఆపే గోడ కారు తలుపు. అందువల్ల స్పీకరు మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి, తలుపు రేకుకున్న కన్నాలు డ్యాంపింగ్ షీటుతో మూసి, స్పీకరు కింద ప్లైవుడ్ రింగు బిగిస్తే పాత స్పీకరే గొంతు మార్చుకుంటుంది. అయితే తలుపులో దిగిన వాన నీరు కారిపోయే అడుగు కన్నాలు మాత్రం మూయకూడదు. మూస్తే మృదంగంతో పాటు జలతరంగం కూడా వినాల్సి వస్తుంది.

చివరి పాదం ఈ పద్యానికి ప్రాణం. సెట్టు ముఖం మీద 50 వాట్లు, నాలుగు ఛానళ్లు అని బంగారు అక్షరాలు. మొత్తం 200. అదే సెట్టును తిప్పి చూస్తే వెనక చాలావాటికి 10 ఆంపియర్ల ఫ్యూజు. ఇంజన్ నడిచే కారులో వోల్టేజీ 14.4 అనుకున్నా, ఆ ఫ్యూజు దాటి నిలకడగా లోపలికి పోగలిగేది 144 వాట్లు. లోపలికి 144 పోయి బయటికి 200 ఎలా వస్తాయి? ముందు రాత శ్రుతి, వెనక ఫ్యూజు ప్రత్యక్షం. రెండూ విరోధిస్తే శ్రుతికి వేరే తాత్పర్యం వెతకమన్నారు పెద్దలు. వెతికితే దొరుకుతుంది. 14.4ను వర్గం చేసి 4 ఓమ్‌లతో భాగిస్తే 51.8. పాట గుండ్రని తరంగంగా కాక పైనా కిందా నరికేసిన చతురస్రంగా మారి, చిప్పులో రవ్వంత నష్టం కూడా లేనప్పుడు, ఒక ఛానల్‌కు దక్కే శిఖరం అది. ఆ స్థితిలో వినపడేది సంగీతం కాదు, రంపం. గుండ్రని తరంగానికి అందులో సగం, 26 వాట్లకు లోపే. చిప్పు తినేది తీసేస్తే 20 దరిదాపు. 2003లో అమెరికాలో వచ్చిన సీఈఏ 2006 ప్రమాణం 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, ఒక శాతానికి మించని వికృతి అని షరతులు పెట్టి కొలవమన్నది ఈ గందరగోళం చూసే. ఆ పద్ధతిన కొలిచిన 20 వాట్ల పాత సెట్టు, ఏ పద్ధతీ చెప్పని 60 వాట్ల కొత్త సెట్టు ఎదురైతే మొదటిదే కొనాలి.

కంపెనీ అబద్ధమాడిందా అంటే, ఆడలేదు. గరిష్ఠం అనే మాట సన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. ఫ్యూజుకు సన్న అక్షరాలు లేవు. పాత సెట్టు బేరమాడేటప్పుడు వెనక ఫ్యూజు ఉండవలసిన చోట సిగరెట్ రేకు చుట్టో, 10 తీసి 30 పెట్టో ఉంటే, ఆ సెట్టు ముందొకసారి ఫ్యూజు కాల్చుకుందనీ, కారణం వెతకకుండా ఎవరో మూసేశారనీ తెలుస్తుంది. అమ్మేవాడి నోటివెంట రాని చరిత్ర అది. ఇక యాంప్ పెట్టుకున్నవాడు బ్యాటరీ దగ్గర, 45 సెంటీమీటర్లలోపే, ఇంకొక ఫ్యూజు వేసుకోవాలి. యాంప్‌కు దాని ఫ్యూజు అదివరకే ఉంది కదా, రెండోది దండగ అనే పూర్వపక్షానికి సమాధానం చిన్నది: యాంప్‌లోని ఫ్యూజు యాంప్‌ను కాస్తుంది, బ్యాటరీ దగ్గరిది ఆ 5 మీటర్ల వైరును కాస్తుంది. కాబట్టి రెండోదాని అంకెను యాంప్ డబ్బా చూసి కాదు, వైరు మందం చూసి ఎంచుకోవాలి.