అబ్బాయిల జట్టే అడుగు

మా గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఊళ్ళలో బీపీఎడ్ చదివి, బడిలో పీఈటీగానో కాలేజీలో పీడీగానో చేరిన ఆడపిల్లకు సలహాలకేం కొదవ ఉండదు. అమ్మాయిల ఖోఖో చూసుకో, జనవరి 26కి మార్చ్‌పాస్ట్ చేయించు, అబ్బాయిల జోలికి పోకు, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు, ఇచ్చినదానితో సర్దుకుపో. చెప్పేవాళ్ళంతా మన మంచి కోరేవాళ్ళే. నేను చెప్పబోయేవి మాత్రం వాటికి అడ్డంగా వస్తాయి. స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపిస్తే ఇవేం తలతిక్క సలహాలంటారు. అననీ.

మగవాళ్ళ పెద్ద ఫుట్‌బాల్ జట్లకు ఆడవాళ్ళు కోచ్‌లు కాగలరా అన్న ప్రశ్నకు హాంకాంగ్‌లో, ఫ్రాన్స్‌లో, జర్మనీలో ఎప్పుడో జవాబు దొరికింది. మన దగ్గర అది ఇంకా హైస్కూలు గేటు దాటలేదు. కబడ్డీ, వాలీబాల్ రాజ్యమేలే ఈ నేల మీద ఫుట్‌బాల్ ఆడే బళ్ళే తక్కువ. అయినా ఆట ఏదైతేనేం, అబ్బాయిల జట్టు ముందు విజిల్ పట్టుకుని నిలబడే హక్కు ఎవరిదన్న తగువు ఒక్కటే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందుగా, అమ్మాయిల జట్టుతో పేరు తెచ్చుకుంటే తరవాత అబ్బాయిల జట్టు వాళ్ళే ఇస్తారని కాచుకుని కూర్చోకు. ఆ తరవాత అనేది రాదమ్మా. చేరిన వారంలోనే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, అబ్బాయిల జట్టు నాకు కావాలి సార్ అని నోరు తెరిచి అడుగు. మగవాళ్ళు ఆడవాళ్ళ జట్ల కోసం ఇలా ఎదురుచూశారా? 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో 32 జట్లు ఆడితే ఆడ కోచ్‌లు 12 మందే, మిగతా 20 జట్లూ మగవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్పు ఎత్తినప్పుడు, ఆ జట్టులో మన కడప పిల్ల శ్రీచరణి ఉందని ఊరూరా మురిసిపోయాం. ఆ జట్టు కోచ్ అమోల్ మజుందార్. గొప్పగా పనిచేశాడు. మగవాడికి ఆడవాళ్ళ ఆట ఏం తెలుసని ఒక్కరూ అనలేదు, అనాల్సిన పనీ లేదు. ఆ దారి రెండు వైపులా నడవాలన్నదే నా పట్టుదల.

అయితే అబ్బాయిల జట్టు రావడాన్ని ప్రమోషన్ అనుకోకు. 2021లో ఇంగ్లండ్‌లో ఎమ్మా హేస్ అనే కోచ్ చెల్సీ మహిళల ఫుట్‌బాల్ జట్టును నడిపిస్తూ, ఆ ఏడాదే ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. ఆ సమయంలోనే మగవాళ్ళ మూడో అంచెలో ఉన్న వింబుల్డన్ క్లబ్బుకు ఆమె పేరు వినిపించింది. సంతోషపడుతుందనుకున్నారు. మహిళల జట్టును వదిలి అక్కడికి పోవడం పైకెక్కడం ఎలా అవుతుందని ఆమె గట్టిగానే అడిగింది. అబ్బాయిల జట్టు అడగాల్సింది అది ఎక్కువదని కాదు. ఆ పని నీకు వచ్చు కాబట్టి.

మగవాళ్ళతో ఎప్పుడైనా ఆడావా అని అడుగుతారు. లేదని చెప్పు. దానికి సంజాయిషీ ఇవ్వకు, నీ పాత మెడల్స్ తీసి చూపించకు. ఆడటం వేరు, ఆడించడం వేరు. మన దేశం కన్న అతి పెద్ద ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు కొట్టింది. భారత జట్టు 1951లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం గెలిచేనాటికి ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడాదే పోయారు. ఆయన్ని అంత పెద్ద కోచ్‌ను చేసింది చెప్పడం, చూడటం, ఎవడి కాళ్ళలో ఏముందో పట్టుకోవడం. పంతులు పని అది. మన బళ్ళలో ఆ పని చేస్తున్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది! లెక్కలు, సైన్సు ఆడ టీచరు దగ్గర నేర్చుకోగా లేంది, ఆఫ్‌సైడ్ నేర్చుకోవడానికి అబ్బాయిలకు వచ్చే ఇబ్బందేమిటి?

క్రికెట్‌లో ఈ సంగతి మన దేశంలోనే తేలిపోయింది. ఢిల్లీలో సునీతా శర్మ మగపిల్లలకు శిక్షణ ఇచ్చింది. ఆమె చేతికింద ఎదిగిన దీప్ దాస్‌గుప్తా భారత టెస్టు జట్టుకు వికెట్ కీపరయ్యాడు. ఆమెకు 2005లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది.

గొంతు మార్చుకోకు. అబ్బాయిలు వినాలంటే అరవాలి, తిట్టాలి, అవసరమైతే బెత్తం పట్టాలి అని పక్క పీఈటీ చెబుతాడు. పెదనందిపాడు వైపో, పర్చూరు వైపో మిరప కోతలప్పుడు తెల్లారకముందే చేలోకి వెళ్ళి ఆడ మేస్త్రిని చూసిరా. ఆటోలోంచి దిగుతూనే ఎవరికి ఏ సాలో చెప్పేస్తుంది. చెయ్యి నెమ్మదిగా ఆడేవాళ్ళను చురుకైనవాళ్ళ పక్కన వేస్తుంది. ఎవరి సంచిలో తాలు కాయలు పడుతున్నాయో, ఎవరు పచ్చికాయ కలుపుతున్నారో దూరం నుంచే చూసి పేరు పెట్టి పిలుస్తుంది. సాయంత్రం రైతు దగ్గర కూలి లెక్క తేల్చేదీ ఆవిడే. ఆవిడ అరవగా వినలేదు. మాట మార్చగా అసలే వినలేదు. అబ్బాయిలు కూడా అంతే. ఈ రోజు చెప్పింది రేపు కూడా చెప్పేవాళ్ళ మాటే వింటారు. నువ్వు అలాంటిదానివో కాదో వారంలో వాళ్ళకు తెలిసిపోతుంది.

ఇక నీ నేల గురించి. టీవీలో చూసిన డ్రిల్ పుస్తకం పెట్టుకుని మొదలుపెట్టకు. మన నల్లరేగడి ఫిబ్రవరి నుంచి నెర్రెలు విచ్చుతుంది, ఏప్రిల్ నాటికి అరచెయ్యి దూరేంత సందులు పడతాయి. బంతి ఎటు లేస్తుందో చెప్పలేం, పరిగెత్తే కుర్రాడి చీలమండ అందులో పడితే ఆ ఏడాదికి అతని ఆట ముగిసినట్టే. ప్రాక్టీసుకు ముందు జట్టంతా వరసగా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. కనబడిన నెర్రెనల్లా ఇసుకతో పూడ్చాలి. దీన్ని ప్రాక్టీసులో భాగం చెయ్యి. వానాకాలంలో అదే నేల బూటుకు ముద్దలు ముద్దలుగా అంటుకుని కాలు లేవనివ్వదు. ఆ రోజుల్లో పరుగు మానేసి, గరుగు పోసిన అంచు మీద దగ్గర పాసులు చేయించు.

సంక్రాంతి దాటాక ఊరి చుట్టూ కల్లాల్లో మిరప ఎండుతుంటుంది. గాలి అటునుంచి వీస్తుంటే పరిగెత్తే పిల్లల గొంతు మండి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. గాలి వాటం చూసి చోటు మార్చు. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున్నుంచి తల్లితో పాటు కోతకు వెళ్ళి సాయంత్రం ఆటకు వచ్చిన కుర్రాడి చేతులు చూడు. ఆ వేళ్ళతో చెమట తుడుచుకున్నాడంటే కళ్ళు మండిపోయి బంతే కనబడదు. ముందు నూనె రాయించి, తరవాత సబ్బుతో కడిగించి, అప్పుడు గోల్‌లో నిలబెట్టు. రోజంతా నడుం వంచి కోసినవాడికి ఆ పూట పరుగు పందేలు పెట్టకు.

పత్తి తీతలు, మిరప కోతలు మొదలైతే సగం జట్టు కనబడదు. హాజరు తగ్గిందని పిల్లలను తీసేసే కోచ్‌లు చాలామంది ఉన్నారు. నువ్వు సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళు. అరుగు మీద కూర్చుని ఆ తల్లితో మాట్లాడు. వారానికి ఎన్ని పూటలు వదలగలదో అడుగు, ఆ పూటల్లోనే ప్రాక్టీసు పెట్టు. మగ కోచ్ ఆ తల్లి పక్కన కూర్చుని ఇంటి లెక్క మాట్లాడలేడు. నువ్వు మాట్లాడగలవు. ఊళ్ళో దీన్ని ఆడతనం అంటారు, నేను దీన్ని కోచింగ్ అంటాను.

ఇప్పుడు అందరికీ మింగుడుపడని సలహా. పెత్తనం లేని పదవి ఇస్తే వదిలేసి బయటికి రా. అవకాశం రావడమే గొప్ప, కొన్నాళ్ళు ఓర్చుకో, మధ్యలో వదిలేస్తే ఆడవాళ్ళకే చెడ్డపేరు అని నీ మేలు కోరేవాళ్ళే ఏడుస్తారు. వినకు. 1999లో ఇటలీలో కరోలినా మొరాచే మగవాళ్ళ మూడో అంచె క్లబ్బు విటెర్బేసేకు కోచ్ అయింది. ప్రపంచమంతా ఫొటోలు తీసింది. క్లబ్బు యజమాని జోక్యం భరించలేక రెండు మ్యాచ్‌లకే రాజీనామా ఇచ్చింది. 2014లో ఫ్రాన్స్‌లో రెండో అంచె క్లబ్బు క్లెర్మాన్ హెలెనా కోస్తాను తీసుకుంది. తనకు చెప్పకుండానే ఆటగాళ్ళను కొంటున్నారని తెలిసి, ఆమె సీజన్ మొదలుకాకముందే వెళ్ళిపోయింది. ఆడవాళ్ళకు ఇక తలుపు మూసుకున్నట్టే అన్నారు. మూసుకోలేదు. అదే క్లబ్బు ఆ వేసవిలోనే ఫ్రాన్స్ మాజీ కెప్టెన్ కోరిన్ డియాక్ర్‌ను పిలిచింది. ఆమె మూడు సీజన్లు నడిపింది, ఆ తరవాత ఫ్రాన్స్ మహిళల జట్టుకు కోచ్‌గా వెళ్ళింది. ఉత్సవ విగ్రహంగా ఉండనని కోస్తా చెప్పి వెళ్ళింది కాబట్టే డియాక్ర్‌కు నిజమైన అధికారం దక్కిందని నా నమ్మకం.

మన దగ్గర ఈ జోక్యం ఫొటోలతో రాదు, ఫోన్‌తో వస్తుంది. మండల టోర్నమెంటుకు ముందు రోజు, ఫలానావారి అబ్బాయిని జట్టులో వెయ్యమ్మా, చిన్న విషయమే కదా అంటారు. చిన్న విషయం కాదు. జట్టు పేర్లు రాయడమే కోచ్ ఉద్యోగం, మిగతాదంతా దాని చుట్టూ ఉండే పని. ఆ ఒక్క పేరు వేశావంటే రేపటి నుంచి జట్టు నీది కాదు. వేసేదిలేదని చెప్పు. బలవంతం చేస్తే విజిల్ టేబుల్ మీద పెట్టి, కారణం కాగితం మీద రాసి ఇచ్చి రా. నోటితో చెప్పి వస్తే భయపడి పారిపోయిందంటారు.

ఆడవాళ్ళకు ఆవేశం ఎక్కువ, బెంచి మీద నిగ్రహం ఉండదు అంటారు. మ్యూనిక్‌లో 2024 జనవరిలో జరిగింది చెప్పు. యూనియన్ బెర్లిన్ కోచ్ నెనాద్ బ్యెలిత్సా, బయర్న్ మ్యూనిక్ ఆటగాడు లెరోయ్ సానే ముఖం మీద చెయ్యి చేసుకుని రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. నిషేధం పడింది. తరవాతి మ్యాచ్‌లో టచ్‌లైన్ దగ్గర నిలబడి జట్టును నడిపినవాళ్ళలో అసిస్టెంట్ కోచ్ మారీ లూయీజ్ ఎటా ఉంది. డార్మ్‌స్టాట్ మీద 1-0తో గెలిచారు. అదే ఏడాది జర్మనీ మూడో అంచెలో ఇంగోల్‌స్టాట్ తన మగవాళ్ళ జట్టును సబ్రీనా విట్‌మన్‌కు అప్పగించింది.

ఓటమి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నిన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. హాంకాంగ్‌లో చాన్ యూన్ టింగ్ డేటా అనలిస్టుగా మొదలుపెట్టింది, ఆట చూసి అంకెలు రాసే పని. 2015 డిసెంబరులో ఈస్టర్న్ క్లబ్బు ఆమెను హెడ్ కోచ్‌ను చేసింది. 2016లో, 27 ఏళ్ళ వయసులో, ఆ క్లబ్బుకు 21 ఏళ్ళ తరవాత లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది. ప్రపంచంలో మగవాళ్ళ జట్టును దేశపు అత్యున్నత లీగ్‌లో గెలిపించిన మొదటి మహిళ ఆమె. మరుసటి ఫిబ్రవరిలో ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో గ్వాంగ్‌జౌ ఎవర్‌గ్రాండ్‌తో తలపడితే 0-7తో ఓడిపోయింది. ఎదుటి బెంచి మీద కూర్చున్నది 2002లో బ్రెజిల్‌కు ప్రపంచ కప్పు తెచ్చిన స్కొలారి. ఆమె ముఖం చాటేయలేదు. మిగతా మ్యాచ్‌లు ఆడించింది, ఆ వేసవిలో ప్రో లైసెన్సు చదువుకోవడానికి స్వయంగా పక్కకు తప్పుకుంది.

నువ్వు కూడా ఓడిపోతావు. ఏడు గోల్స్‌తో కూడా ఓడిపోవచ్చు. ఆ రోజు రాత్రి ఊళ్ళో మాట్లాడుకునేది నీ గురించే ఉంటుంది, ఓడిన మగ కోచ్ గురించి అంతసేపు మాట్లాడుకోరు. అన్యాయమే. దానికి నీ దగ్గర ఉండాల్సింది నోటుపుస్తకం. ఎన్నో నిమిషంలో, ఏ వైపు నుంచి, ఎవరు కాపు వదిలేస్తే గోల్ పడిందో రాసుకో. మర్నాడు పిల్లలకు అదే చెప్పు.

చివరగా, ఎవరూ వెంటపడి నేర్పించరు. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్సు ఇస్తుంది, ఆపైన ఆసియా సమాఖ్య సి, బి, ఏ, ప్రో ఉన్నాయి. కోచింగ్ డిప్లొమాకు పటియాలాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ (ఎన్ఐఎస్) ఉంది. పెళ్ళయ్యాక చూద్దాం, పిల్లలు పెద్దయ్యాక చూద్దాం అనకు. డి లైసెన్సు కోర్సు ప్రకటన పడిన రోజే పేరు ఇవ్వు. క్లాసులో నువ్వొక్కతివే ఆడపిల్లవైతే ముందు వరసలో కూర్చో. ప్రాక్టికల్ రోజున మగ ట్రైనీలను రెండు జట్లుగా విడగొట్టి ఆడించే వంతు వస్తుంది కదా, మొదటి వంతు నీదేనని చెయ్యెత్తు.