నా వంతు ఐదు దెబ్బలు

వయొలిన్ కచేరీ అంటే అందరి కళ్ళూ వయొలిన్ మీదే. ఉండనీయండి. కానీ బీథోవెన్ వయొలిన్ కన్చెర్టోను మొదలుపెట్టేది వయొలిన్ కాదు, నేను. నన్ను టింపనీ అంటారు. రాగి గుండిగ, దాని మూతికి బిగించిన దూడ చర్మం, చుట్టూ మరలు. ఇంతే నా ఒళ్ళు. మేం ఇద్దరం. పెద్దవాడు మా అన్న, కింది 'ఏ' పలుకుతాడు. నేను 'డి'. ఆర్కెస్ట్రా అంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు మెత్తగా నాలుగు దెబ్బలు నా ఒక్కడివే. ఐదో దెబ్బ మీద ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు అందుకుంటాయి. వయొలిన్ దొరగారు దయచేసేసరికి 88 ఆవర్తాలు గడిచిపోతాయి, దాదాపు మూడు నిమిషాలు.

మాది గొప్ప వంశమే. గుర్రాల మీద, ఒంటెల మీద జోడుగా కట్టి మోగించిన నగారాలు మా తాతలు. అరబ్బు, తుర్కీ సేనల దగ్గర్నుంచి ఐరోపాకు ఒక కొమ్మ పోయింది, మీ దేశానికి మరో కొమ్మ వచ్చింది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మీ పత్రికల్లో 'నగారా మోగింది' అని రాస్తారే, ఆ మోగేది మా దాయాదులే. యుద్ధానికి పుట్టిన మా చేత బీథోవెన్ గుసగుసలాడించాడు. 1806 డిసెంబరు 23న వియన్నాలో ఫ్రాంజ్ క్లెమెంట్ ఈ కన్చెర్టోను మొదటిసారి వాయించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1844లో లండన్‌లో, మెండెల్సన్ ఆర్కెస్ట్రా నడుపుతుండగా, పన్నెండేళ్ళ యోసెఫ్ యోఆఖిమ్ వాయించాక గానీ దాని దశ తిరగలేదు.

ఈమధ్య నన్ను జర్మనీలో ఒక పాత చర్చికి మోసుకెళ్ళారు, ఇదే కన్చెర్టో కొత్త రికార్డింగుకి. ఇప్పటికే ఇన్నిసార్లు రికార్డయినదాన్ని మళ్ళీ ఎందుకని మీరడగొచ్చు. నేనూ అడిగాను, నాలో నేనే.

మొదటి రోజు వాన. తడి గాలికి చర్మం సాగుతుంది, శ్రుతి దిగుతుంది. మీ ఊళ్ళలో అయితే డప్పును మంటకు చూపించి కాస్తారు. నన్ను వాయించే పెద్దాయన మంట పెట్టడు. చెవి నా చర్మానికి ఆనించి, గొంతులో 'డి' కూనిరాగం తీస్తూ, ఒక్కో మరనూ పావు చుట్టు తిప్పుతాడు. ఆపైన చూపుడువేలితో మీటి వింటాడు. ప్లాస్టిక్ చర్మం వేస్తే ఈ బాధ లేదు. ప్లాస్టిక్ వానకి చలించదు. ఏ పాటకీ చలించదనుకోండి.

ఆ ఐదు దెబ్బలకే పొద్దంతా పోయింది. ముందు ఉన్ని చుట్టిన పుల్లలతో వాయించాడు. దూదిలో కొట్టినట్టుందన్నారు. తర్వాత పల్చటి తోలు తొడిగిన చెక్క పుల్లలు. ఒక టేకు చక్కగా వచ్చింది గానీ పైకప్పు మీద పావురం రెక్కలు కొట్టుకుంది. మరోసారి. ఎవరో గడప అవతల నిలబడి, పిలవాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టుండాలి ఆ దెబ్బ. గట్టిగా కొడితే కవాతు, మరీ నెమ్మదిగా కొడితే గడియారం. పదో ఆవర్తంలో మొదటి వయొలిన్లు నా దెబ్బనే తీసుకుని 'డి షార్ప్' మీద వేస్తాయి. శంకరాభరణం పాడుతున్నవాడి నోట శుద్ధ రిషభం జారినట్టు ఒళ్ళు జలదరిస్తుంది. నా దెబ్బ తటపటాయిస్తేనే ఆ జలదరింపుకి అర్థం. చాలా రికార్డింగుల్లో ఆ చోటు నునుపుగా జారిపోతుంది. ఇక్కడ జారనివ్వలేదు.

రికార్డింగుతో మా జాతికి పాత పేచీ ఉంది. మైకుల్లేక కొమ్ములోకి వాయించే రోజుల్లో మా మోత సరిగ్గా ఎక్కదని తరచు మమ్మల్ని పక్కన పెట్టేవాళ్ళు. 1925లో మైకులు వచ్చాక బతికిపోయాం. మరుసటి ఏడాది బెర్లిన్‌లో వయొలిన్ విద్వాంసుడు క్రైస్లర్ ఈ కన్చెర్టోనే రికార్డు చేశాడు.

అంతకన్నా పెద్ద పేచీ కడెన్జాది. మీ కచేరీల్లో తని ఆవర్తనం మృదంగానిది. ఇక్కడ తని వయొలిన్‌ది: అందరూ ఆగిపోతే తానొక్కటే తన విద్యంతా చూపిస్తుంది. వయొలిన్ కోసం బీథోవెన్ కడెన్జా రాసివ్వలేదు. యోఆఖిమ్ రాసుకున్నదో క్రైస్లర్ రాసుకున్నదో వాయిస్తారు. రెంటిలోనూ నాకు చోటు లేదు. కానీ ఇదే కన్చెర్టోను పియానోకి మార్చినప్పుడు బీథోవెన్ స్వయంగా కడెన్జా రాసి, అందులో పియానోతోపాటు నన్నూ కూర్చోబెట్టాడు! ఇరవయ్యో శతాబ్దంలో వయొలిన్ విద్వాంసుడు ష్నైడర్‌హాన్ దాన్ని వయొలిన్‌కి మలిచాడు. తర్వాత టెట్‌జ్లాఫ్, కొపాచిన్‌స్కయా లాంటివాళ్ళు తమ తమ పద్ధతుల్లో అదే బాట పట్టారు.

ఈ రికార్డింగులో వయొలిన్ వాయిస్తున్న అమ్మాయీ అదే ఎంచుకుంది. రెండో రోజు కడెన్జా మధ్యలో విల్లు దించేసి వెనక్కి తిరిగింది. "మీరు నాకు ఆలస్యంగా వినపడుతున్నారండీ," అంది పెద్దాయనతో.

ఆయన తప్పేం లేదు. నేనున్నది ఆమెకి పన్నెండు మీటర్ల వెనక. శబ్దం సెకనుకి 340 మీటర్లు నడుస్తుంది గనక, నా మాట ఆమెను చేరేసరికి సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతు గడిచిపోతుంది. మామూలుగా అది లెక్కలోకి రాదు. ఇద్దరమే మాట్లాడుకుంటున్నప్పుడు వస్తుంది. మమ్మల్ని, అన్ననీ నన్నూ, చక్రాల బల్ల మీద ముందుకి తోసుకొచ్చి ఆమె ఎడమ మోచేతి పక్కన పెట్టారు. వయొలిన్ తీగలు పేగుతో చేసినవని దగ్గరికొచ్చాకే తెలిసింది. విల్లు ఆనగానే ముందు చిన్న గరగర, ఆ తర్వాతే స్వరం. అందంగా వినిపించాలని ఆమె తాపత్రయపడలేదు. నేను వేసిన దెబ్బని విని, దానికి జవాబు చెప్పింది. మళ్ళీ ఎందుకన్న నా ప్రశ్న ఆ తర్వాత గుర్తు రాలేదు.

రెండో అంకం లార్గెట్టోలో నాకు పనే లేదు. ఎవరైనా 'డి' పలికితే నా చర్మం తనంతట తానే కంపిస్తుంది కాబట్టి పెద్దాయన మా ఇద్దరి మీదా బట్ట కప్పాడు. చీకట్లో కూర్చుని విన్నాను. తీగ వాద్యాలు పాట నడుపుతుంటే ఆమె దాన్ని ముట్టుకోకుండా చుట్టూ సన్నటి నూలు అల్లుకుంటూ పోయింది. ఆ పది నిమిషాలూ బట్ట కప్పినందుకు నాకు కోపం రాలేదు.

మూడో రోజు సాయంత్రం, పనంతా అయ్యాక, లోపలి గదిలోంచి నిర్మాత గొంతు: "మొదలు ఒక్కసారి వినిపిస్తాను." మాతో మాట్లాడటానికి పెట్టిన చిన్న స్పీకర్లోంచి ఐదు దెబ్బలు వచ్చాయి. నావే. అప్పటికి బట్ట తీసేసి ఉంది. రెండో దెబ్బకే నా చర్మం కదిలింది, ఎవరూ కొట్టకుండానే. పెద్దాయన చూసి, అరచేయి తెచ్చి నా మీద ఆనించాడు.