మూడు ఊళ్లు తిరిగొచ్చే టార్ట్

డిసెంబర్ వచ్చిందంటే వరంగల్‌లో ఇంటికొకరికి బేకింగ్ పూనుతుంది. మీకూ పూనితే భయపడకండి. పండ్లూ పప్పులూ పెట్టిన టార్ట్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. మన గరిజె మూత తీసేసి, నూనెలో వేయకుండా ఓవెన్‌లో పెట్టారనుకోండి, అదే టార్ట్. దానికోసం పొద్దంతా వంటింట్లో నిలబడేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కింద చెప్పినట్టు చేయండి. ఒళ్లు అలవదు, పేరొస్తుంది, టార్ట్ కూడా మిగులుతుంది.

1. ముందు చాటింపు వేయండి. పది రోజుల ముందే ఇంటి వాట్సాప్ గ్రూపులో "ఈసారి టార్ట్ నేనే చేస్తున్న" అని పెట్టండి. పక్కన మంచి ఫొటో ఒకటి, ఎవరు చేసినదైనా సరే. మెచ్చుకోళ్లన్నీ అప్పుడే వచ్చేస్తాయి. ఒకసారి మెచ్చుకున్నవాళ్లు మళ్లీ వెనక్కి తీసుకోలేరు.

2. సరుకుల కోసం బీట్ బజార్ దాకా పోకండి. దీపావళికి ఎవరో ఇచ్చిన డ్రైఫ్రూట్ డబ్బా అల్మారాలో అట్లే ఉంటుంది, తీయండి. అక్రోట్లలో నూనె ఎక్కువ. గాలి తగిలితే త్వరగా ముక్కిపోతాయి, అందుకే ఫ్రిజ్‌లో దాచాలంటారు. మీరు వాసన చూడకపోతే ఆ గొడవే ఉండదు. జీడిపప్పు తింటూ పని చేయండి, పనిచేసే ఒంటికి బలం కావాలి. తగ్గిన చోట పల్లీలు పొట్టు తీసి, బద్దలు చేసి, బోర్లా పరవండి. జీడిపప్పు ఏదని అడిగితే "అడుగున ఉన్నయి" అనండి. పండ్ల కింద టూటీఫ్రూటీ చాలు. అది పచ్చి బొప్పాయి ముక్కలు పాకంలో ఊరబెట్టి రంగు వేసినదే, బొప్పాయి పండే కదా. డబ్బాలో చెర్రీ అని అమ్మేది కూడా చాలాసార్లు మన వాక్కాయే. నడిమధ్యలో ఒక్కటి పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కండి. గుంట పడాలి. ఆ గుంట తర్వాత పనికొస్తుంది.

3. ఇక పిండి. తెలిసినవాళ్లు 200 గ్రాముల మైదాకు 100 గ్రాముల చల్లటి వెన్న వేసి, వేళ్ల కొసలతో రవ్వలా నలిపి, రెండు మూడు చెంచాల ఐసు నీళ్లతో ముద్ద చేసి అరగంట ఫ్రిజ్‌లో పెడతారు. వెన్న కరగకుండా ఉంటే అంచు గుల్లగా విరుగుతుందని వాళ్ల ఆశ. మీరు వెన్నను టీవీ సెట్‌టాప్ బాక్సు మీద పెట్టండి, సీరియల్ అయ్యేసరికి మెత్తబడి జారుతుంటుంది. పిండిలో వేసి చపాతీకి పిసికినట్టు పిసకండి. చెయ్యి నొస్తే పిల్లలకిచ్చి బొమ్మలు చేసుకోమనండి. నీళ్లు పోసి ఎంత పిసికితే మైదాలో గ్లూటెన్ అంత బిగుస్తుంది, కాల్చాక అంత గట్టిపడుతుంది. మనకు కావలసింది అదే. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి, ఏకశిలా నగరం. ఇక్కడ చేసిన టార్ట్ పొడిపొడిగా రాలితే ఊరికి నామోషీ. రామప్ప గుడి గోపురం ఇటుక నీళ్లలో తేలుతుంది, మన టార్ట్ మునగాలి. మిగిలిన పిండిముక్క ఒకటి కాల్చి బకెట్లో వేసి చూడండి. బుడుంగున అడుక్కి పోయిందా, పాళ్లు కుదిరినట్టే.

4. పిండిని పళ్లెంలో పరిచాక ఫోర్కుతో పొడిచి, కాగితం వేసి, పైన రాజ్మా గింజలు బరువు పెట్టి, 180 డిగ్రీల మీద ఓ పావుగంట ఒట్టిగా కాల్చాలట. వదిలేయండి. అడుగు పచ్చిగా ఉంటే "లోపల క్రీము" అనండి.

5. ఓవెన్ వేడెక్కేదాకా ఆగొద్దు. 180 మీద 40 నిమిషాలు పట్టేది 250 మీద 20 నిమిషాల్లో అవుతుంది, లెక్క తేలిపోయింది. పైన నల్లబడితే చక్కెర పొడి జల్లండి. ఇంకా నలుపు కనిపిస్తే ఇంకా జల్లండి. క్రిస్మస్ కదా, మంచు అనుకుంటారు.

6. సాకులు ముందురోజే సిద్ధం చేసుకోండి. మనిషికో సాకు ఉండాలి, అందరికీ ఒకటే చెప్తే దొరికిపోతారు. అత్తమ్మకు "నడుమల కరెంటు పోయింది" చాలు. ఇంజినీరు బావకు "థర్మోస్టాట్" అని ఒక్క మాట అనండి, మిగతాది ఆయనే గంటసేపు చెప్తాడు. అమ్మ దగ్గర మాత్రం "నీ చెయ్యి నాకెట్లొస్తదే" అని తల దించుకోండి. ఆమె మనసు కరిగి, లేచి గరిజెలు చేస్తుంది. అవి మీరు తినండి.

7. టార్ట్ కోయకండి. కోస్తేనే కదా గుట్టు బయటపడేది. డబ్బాలో పెట్టి రిబ్బను కట్టి 24 సాయంత్రం ఎవరికైనా ఇచ్చేయండి. పోయినసారి మాది హన్మకొండ వదిన ఇంటికి పోయింది. ఆమె కత్తి పెట్టి చూసినట్టుంది, అంచున చిన్న గీత పడింది, అంతే. అక్కడి నుంచి కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో చిన్నమ్మకు, చిన్నమ్మ దగ్గర నుంచి ఖిలా వరంగల్‌లో పెద్దబాపుకు చేరింది. సంక్రాంతి పొద్దున పెద్దబాపు మనవడు సకినాల డబ్బాతోపాటు ఇంకో డబ్బా తెచ్చిచ్చాడు. రిబ్బను విప్పి చూస్తే నడిమధ్యలో చెర్రీ, చెర్రీ మీద గుంట. బొటనవేలు పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది.

సకినాలు ఆ పూటే అయిపోయినయి. టార్ట్ ఫ్రిజ్ పైన ఉంది, ఎక్కడా ఒక్క పెచ్చు ఊడలేదు. ఈ 24న మళ్లీ హన్మకొండ పోతుంది. మీరూ అట్లే పంపండి, కానీ రిబ్బను మాత్రం కొత్తది కొనండి. పాతదైతే వదినలు గుర్తుపడతారు.