దవడలు పట్టుకున్న యంత్రం

‘నేను’ అనే అలవాటు యంత్రాలకు లేదు. అందుకే ఈ యంత్రం తన కథను పరాయివాళ్ల కథలాగే చెప్పుకుంటుంది.

దీని పుట్టిల్లు అమెరికాలోని క్లీవ్‌లాండ్. పేరు సెఫలోస్టాట్. వంకర పళ్లు సరిచేసే వైద్యుడు హోలీ బ్రాడ్‌బెంట్ 1931లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అదే ఏడాది జర్మనీలో హోఫ్రాత్ అనే వైద్యుడి చేతుల్లో దీనికో తోబుట్టువు పుట్టింది. చేసే పని చిన్నదే: రెండు చెవుల్లో కడ్డీలు పెట్టి తల కదలకుండా పట్టుకోవడం. ఎక్స్‌రే గొట్టం తల నడిమి గీతకు ఎప్పుడూ అయిదడుగుల దూరంలోనే. అందువల్ల నిరుటి బొమ్మ మీద ఈ ఏటి బొమ్మ పెట్టి చూస్తే కనిపించే తేడా ఎదుగుదలే.

పిల్లల ఎదుగుదలను ఇలా కొలిచే బ్రాడ్‌బెంట్ పరిశోధనకు బోల్టన్ కుటుంబం డబ్బు పెట్టింది. వేలమంది పిల్లలు ఏళ్ల తరబడి వచ్చి ఈ కడ్డీల మధ్య తల పెట్టారు. ఏ జబ్బూ లేని పిల్లలకు ఏటేటా ఎక్స్‌రేలు తీస్తామంటే ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఇలాంటి బొమ్మలు చెప్పేదేమిటంటే, చిన్నతనంలో ఆడపిల్ల దవడకూ మగపిల్లాడి దవడకూ పెద్ద తేడా ఉండదు. పదేళ్లు దాటాక ఆడపిల్లే ముందు పరుగందుకుంటుంది. మగపిల్లాడి ఉరవడి సుమారు రెండేళ్లు ఆలస్యం. కానీ ఆలస్యంగా మొదలైనవాడు ఎక్కువ కాలం, ఎక్కువ మేర పెరుగుతాడు. పై దవడ నెమ్మదించాక కూడా కింది దవడ సాగుతూనే ఉంటుంది. అబ్బాయిల్లో అది పద్దెనిమిదేళ్లు దాటినా ఆగకపోవచ్చు.

వైద్యుడికి ఇది పుస్తకాల ముచ్చట కాదు. కింది దవడ వెనకబడిన పిల్లలకు ఎదుగుదలను వాడుకునే పరికరం పెట్టాలంటే ఆ ఉరవడి నడుస్తుండగానే పెట్టాలి. అమ్మాయి రజస్వల అయ్యేసరికి సాధారణంగా ఆ జోరు దాటిపోయి ఉంటుంది. “ఇంకా చిన్నపిల్లే కదా, చూద్దాం” అనే తల్లిదండ్రులు పోగొట్టుకునేది ఈ గడువునే. కింది దవడ మరీ ముందుకు పొడుచుకొస్తే లెక్క తిరగబడుతుంది: ఆపరేషన్‌కు ఎదుగుదల ఆగేదాకా ఆగాలి, అబ్బాయైతే ఇంకొన్నేళ్లు ఎక్కువ. పుట్టినరోజు చూసి ఇవేవీ తేల్చలేరు కాబట్టే వైద్యులు ఈ యంత్రం తీసిన బొమ్మలోనే మెడ ఎముకల ఆకారం కూడా చూస్తారు.

అన్నట్టు, నాటి పిల్లల్లో కొందరు పెద్దయ్యాక, 1980ల ప్రాంతంలో, రాల్ఫ్ బెహ్రెంట్స్ అనే పరిశోధకుడు వాళ్లను మళ్లీ పిలిపించాడు. నడివయసులోనూ ముఖం ఎముకలు కొద్దికొద్దిగా మారుతున్నాయని తేలింది. మగవాళ్ల కింది దవడ ముందువైపు తిరిగే ధోరణిలో ఉంటే, ఆడవాళ్లది వెనకవైపు తిరిగే ధోరణిలో ఉంది.